పక్క సీటులో బ్రేకమ్మ

పోయినవారం బ్రేకమ్మను ఫిజియోథెరపీ గది కిటికీ దగ్గర వదిలేశాం. చేతిలో రబ్బరు బంతిని పిసుకుతూ, ఆ బంతి స్థానంలో ఒకరి పీక ఉంటే ఎంత బాగుండునని ఆలోచిస్తోందప్పుడు. ఆ పీక పరాయివాళ్లది కాదు, స్వయానా కట్టుకున్న భర్తది.

కథలోకి ఇప్పుడే అడుగుపెట్టినవాళ్ల కోసం నాలుగు ముక్కలు చెప్పి ముందుకు పోదాం. బ్రేకమ్మ ఇరవయ్యేళ్లుగా డ్రైవింగ్ స్కూలు నడుపుతున్న మనిషి. ఉన్నది ఒక్కటే తెల్ల కారు. పక్క సీట్లో కూర్చుని ఆమె "బ్రేక్!" అని కేక పెట్టిందంటే నేర్చుకుంటున్నవాళ్లే కాదు, పక్కనుంచి సైకిలు మీద పోతున్నవాళ్లు కూడా టక్కున ఆగిపోతారు. అలాంటి మనిషికి రొమ్ములో గడ్డ వచ్చింది. గేరు వేసే చేతి వైపు రొమ్ము తీసేశారు. తరవాత మందు ఎక్కించారు, రేడియేషన్ కరెంటు పెట్టారు. జుట్టు రాలింది, గోళ్లు నల్లబడ్డాయి, నాలుకకు రుచి తెలియకుండా పోయింది. అదంతా దాటి వచ్చింది. "ఇక మీరు పేషెంటు కారు. వెళ్లి మీ పని చూసుకోండి. అప్పుడప్పుడూ వచ్చి కనిపిస్తే చాలు" అని డాక్టరమ్మ వీపు తట్టి మరీ పంపించింది.

ఆ మాట ఇంట్లోవాళ్ల చెవికి మాత్రం ఎక్కలేదు. ఆమె గ్లాసులో నీళ్లు వంచుకోబోతే భర్త పరిగెత్తుకొస్తాడు. కుర్చీ జరపబోతే అత్తగారు అడ్డం తిరుగుతుంది. పెద్దాసుపత్రి వాసన ఇంట్లోంచి పోయినా, పెద్దాసుపత్రి నడక మాత్రం పోలేదు. అందరూ మునివేళ్ల మీద తిరుగుతున్నారు. ఆపరేషన్ అయి ఇంటికొచ్చిన కొత్తల్లోనే ఆయన పడక ముందుగదిలో సోఫా మీదకు మారింది. ఇప్పటికీ అక్కడే ఉంది.

ఆయనది కళ్లద్దాల షాపు. ఈమధ్య షాపు మూయగానే "అలా నడిచొస్తానోయ్" అని బయల్దేరడం కొత్తగా అలవాటు చేసుకున్నాడు. ఆ నడక ఎటు సాగుతోందో పోయినవారం కిటికీలోంచి బ్రేకమ్మ కళ్లారా చూసింది. ఊళ్లో కొత్తగా వెలసిన ఇంకో డ్రైవింగ్ స్కూలు వాళ్ల గులాబీరంగు కారు కింద వీధిలో ఆగి ఉంది. దాన్ని నడిపే అమ్మాయి, ముప్ఫై కూడా నిండని పిల్ల, నడుం మీద చెయ్యి వేసుకుని ఏదో అంటోంది. ఈయన పడీ పడీ నవ్వుతున్నాడు. ఆ నవ్వు ఇంట్లో విని ఎంతకాలమైందో! ఇద్దరూ కారెక్కబోతుంటే సరిగ్గా అప్పుడే బస్సొకటి అడ్డమొచ్చింది. బస్సు కదిలేసరికి కారూ లేదు, మొగుడూ లేడు.

ఇదీ సంగతి. ఇక ఆ మర్నాటి పొద్దున్న.

బ్రేకమ్మ పడగ్గదిలో గోడకు ఎదురుగా నిలబడి, వేళ్లను గోడ మీద పైకి పాకిస్తోంది. చంకలోంచి మోచేతి దాకా లోపల ఒక తాడు బిగదీసినట్టు లాగుతుంది. మొదట్లో భుజం దాకా పోయేసరికి ప్రాణాలు తోడేసేది. ఇప్పుడు తల మీదుగా వెళ్లి, గోడకున్న గడియారం అంచు తాకుతోంది. నిన్న వ్యాయామం చేయించే అమ్మాయి ఆ చేతిని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇంకేం, గేరు వెయ్యొచ్చు మీరు. కారు తియ్యండి" అంది. బంతి చేతిలో లేకపోతే ఆ పిల్లను ముద్దు పెట్టుకునేదే. ఆ కబురు ముందు భర్తకు చెప్పాలని కిటికీ దగ్గరికి వెళ్లి ఫోను తీసింది. అప్పుడే ఆ గులాబీ కారు కంటబడింది.

వేళ్లు దించి బాత్రూములోకి పోయి గడియ పెట్టుకుంది. అద్దం ముందు చుట్టాన్ని అమర్చుకుంది. చుట్టం అంటే సిలికాన్‌తో చేసిన మెత్తటి ముద్ద. లోదుస్తుల్లో ఒక పక్క కుట్టిన అరలో పెట్టుకుంటే రెండు వైపులా సమంగా కనిపిస్తుంది. పొద్దున్నే వస్తుంది, పడుకునే ముందు వెళ్లిపోతుంది, ఎండల్లో ఉక్కపోయిస్తుంది. అందుకని ఆమె పెట్టుకున్న పేరది. తల మీద జుట్టు అంగుళం మేర మొలిచింది. అదీ మామూలుగా మొలవలేదు. ఒకప్పుడు దువ్వెన జారిపోయే జుట్టు, ఇప్పుడు ఉంగరాలు ఉంగరాలుగా చుట్టలు చుట్టుకుంది. చూసినవాళ్లందరూ బాగుందనే అంటున్నారు. ఆయన మాత్రం ఏమీ అనలేదు.

"ఏమంటాడు? బయట నవ్వులు ఒలకబోసి వచ్చాక ఇంట్లోకి ఏం మిగులుతాయి?" అని అద్దంతో అంది.

వంటింట్లో అత్తగారు టీ వడపోస్తోంది. ఆవిడకు చెవుడు. ఆ చెవుడుకు ఒక పద్ధతుంది. వినదలుచుకోనివి మాత్రమే వినపడవు.

"అత్తయ్యా, మీ అబ్బాయి సాయంత్రాలు ఎటు పోతున్నారు?"

"ఎత్తు పెరుగుతున్నాడా? ఈ వయసులో ఎత్తేమిటే, పెరిగితే పొట్ట పెరగాలి గానీ."

"ఎత్తు కాదు. ఎటు, ఎటు పోతున్నారంటున్నా."

"టీలో చక్కెర సరిపోయిందా చూడు" అని కప్పు చేతిలో పెట్టి అత్తగారు కిటికీ వైపు తిరిగిపోయింది. ఆ తిరగడంలోనే బ్రేకమ్మకు అర్థమైంది, ఈవిడకూ సంగతి తెలుసని. తల్లీకొడుకులు ఏకమయ్యారన్న మాట! అరికాలి మంట నెత్తికెక్కింది. ఉంగరాల జుట్టు ఇంకో చుట్టు చుట్టుకుని ఉంటుంది.

ముందుగదిలో ఆయన సోఫా మీద దుప్పటి మడతపెడుతున్నాడు.

"ఏవండీ, ఒకసారి రండి. కారులో కూర్చుందాం."

"కారులోనా? ఎక్కడికోయ్?"

"ఎక్కడికీ కాదు. కూర్చుందాం, అంతే."

ఇంట్లో మాట్లాడితే అత్తగారు వచ్చి మధ్యలో టీ పోస్తుంది. బయట మాట్లాడితే వీధి వింటుంది. కారయితే తలుపులు మూసుకుంటాయి, మనిషి లేచి పక్కగదిలోకి పారిపోలేడు. ఆమె లెక్క అది.

షెడ్డులో తెల్లకారు మీది గుడ్డ లాగేసరికి దుమ్ము లేచింది. ఇరవయ్యేళ్ల అలవాటు ఊరికే పోతుందా? బ్రేకమ్మ కాళ్లు వాటంతటవే నేర్పేవాళ్ల వైపుకు నడిచాయి. ఆ సీటు కింద ఇంకో బ్రేకు, ఇంకో క్లచ్చు ఉంటాయి. తలుపు తీసుకుని కూర్చుంది. ఆయన కాసేపు తటపటాయించి, ఇంకో దారి లేక స్టీరింగు వైపు వచ్చి కూర్చున్నాడు. తలుపులు రెండూ మూసుకున్నాయి.

"ఎవరా అమ్మాయి?"

"ఏ అమ్మాయి?"

"గులాబీరంగు కారు అమ్మాయి. బుకాయించకండి. నాకు పోయింది రొమ్ము. కళ్లు పోలేదు."

ఆయన ముఖం తెల్లగా పాలిపోయింది. చేతులు మాత్రం కంగారుగా అటూ ఇటూ కదులుతున్నాయి. బ్రేకమ్మ ఎదురుగా ఉన్న షెడ్డు గోడనే చూస్తోంది. ఆయన వంక చూస్తే ఏడుపొస్తుందని ఆమె భయం.

"నిజం చెప్పండి. నేను తట్టుకోగలను. ఈ ఏడాదిలో తట్టుకోనిది ఏముంది గనక?"

"తప్పానోయ్."

బ్రేకమ్మ గుండె జారి పెడల్ దగ్గర పడింది. "ఎన్నిసార్లు?"

"రెండుసార్లు."

"రెండుసార్లా!"

"అవును. ఒకసారి వెనక్కి తీసేటప్పుడు. ఇంకోసారి ఎత్తు మీద ఆపి మళ్లీ కదిలించేటప్పుడు. వెనక్కి జారిపోయింది."

బ్రేకమ్మ కళ్లలో తిరుగుతున్న నీళ్లు ఎటు పోవాలో తెలియక అక్కడే ఆగిపోయాయి. మెల్లగా తల తిప్పి చూసింది. ఆయన బెల్టు పెట్టుకుని ఉన్నాడు. సీటు ముందుకు జరుపుకున్నాడు. పైన అద్దం తనకు కావలసినట్టు సర్దుకున్నాడు. ఇప్పుడు, ఈ క్షణాన, గేరు కర్రను వేళ్లతో అటూ ఇటూ ఆడించి చూస్తున్నాడు. మాట తడబడినప్పుడు ఎవరైనా చొక్కా గుండీ తిప్పుకుంటారే, అలాగ.

"ఏం చేస్తున్నారు?"

"ఏం చెయ్యలేదే!"

"న్యూట్రల్ చూశారు."

"చూడలేదు."

"చూశారండీ! బెల్టు పెట్టారు, సీటు జరిపారు, అద్దం సర్దారు, న్యూట్రల్ చూశారు. ఒక్కటి వదలకుండా, వరస తప్పకుండా! నా దగ్గర నెలల తరబడి నేర్చుకున్నవాళ్లు కూడా ఇలా చెయ్యరు! మీరు..." ఆమె నోరు వెళ్లబెట్టింది. "మీరు డ్రైవింగు నేర్చుకుంటున్నారా?"

ఆయన దొంగతనం చేస్తూ దొరికిపోయినవాడిలా నవ్వాడు. "మూడోసారి తప్పకుండా పాసవుతానని ఆ అమ్మాయి అంటోంది. అనేటప్పుడు మాత్రం ఆకాశం వంక చూస్తుంది."

ఈ సంగతి ఆమె కలలోకి కూడా ఎందుకు రాలేదో చెప్పాలి. పెళ్లయిన కొత్తల్లో బ్రేకమ్మ సరదాపడి ఆయనకు కారు నేర్పబోయింది. మొదటిరోజే ఆయన బ్రేకు అనుకుని ఇంకోటి తొక్కి, ఒక రంగుల దుకాణం ముందు నిచ్చెన మీదున్న పెయింటరును డబ్బాతో సహా కిందకు దించాడు. ఆ మనిషికి దెబ్బ తగల్లేదు గానీ, ముగ్గురూ ఆకుపచ్చగా ఇంటికొచ్చారు. ఆ తరవాత వారం రోజులు మొగుడూ పెళ్లాల మధ్య మాటల్లేవు. ఈ జన్మలో స్టీరింగు ముట్టనని ఆయన ఆనాడే ఒట్టు పెట్టుకున్నాడు. ఊళ్లో సగం మందికి కారు నేర్పిన మనిషి మొగుడు, ఎక్కడికెళ్లినా పెళ్లాం పక్క సీట్లో ఒళ్లో సంచీ పెట్టుకుని కూర్చునేవాడు. జనం నవ్వితే తనూ నవ్వేవాడు.

"మరి ఇప్పుడేం పుట్టింది?" అంది బ్రేకమ్మ. కోపం పోలేదు, దాని చోటు మాత్రం మారింది.

ఆయన స్టీరింగు మీద వేలితో గీతలు గీయడం మొదలుపెట్టాడు.

"మందు ఎక్కించుకుని వస్తున్న రోజొకటి గుర్తుందా? టాక్సీలో పోదామంటే విన్నావు కాదు. నేనే నడుపుతా, నా కారు వాసన అయితే వాంతి రాదన్నావు. వంతెన దిగే చోట ఉన్నట్టుండి ఆపేశావు. తలుపు తీసి వంగిపోయావు. వెనకాల ఇన్ని బళ్లు. అందరూ హారన్లు. ఒకాయన దిగి వచ్చి, కారు పక్కకు తీయవయ్యా అన్నాడు. నాకు రాదండీ అన్నాను. ఇంకొకాయన వచ్చాడు. నాకు రాదండీ అన్నాను. అలా ఎంతమందికి చెప్పానో! ఆఖరికి నువ్వే మూతి తుడుచుకుని, తల పైకెత్తి, మళ్లీ స్టీరింగు పట్టుకున్నావు. ఇంటిదాకా నువ్వే తెచ్చావు. నేను పక్కన సంచీ పట్టుకుని కూర్చున్నాను."

బ్రేకమ్మకు ఆ రోజు వేరేలా గుర్తుంది. అంత అవస్థలోనూ గేటు లోపలికి ఒక్క గీత పడకుండా కారు పెట్టానని ఎంత గర్వపడిందో! ఆ గర్వానికి పక్క సీట్లో ఒక మనిషి ఇలా కుమిలిపోయి ఉంటాడని ఆమెకు తట్టనే లేదు.

"నన్ను అడగొచ్చుగా? నేర్పనా నేను?"

"నువ్వా! నువ్వు బ్రేక్ అని అరిస్తే నాకు ఏ కాలు ఏ పెడల్ మీదుందో కాదు, అసలు కాళ్లున్నాయో లేదో తెలీదు. ఆ అమ్మాయి అరవదు. తప్పు చేస్తే జోకు వేస్తుంది."

"అందుకే రెండుసార్లు తప్పారు."

ఆయన నవ్వాడు. ఆమె కూడా నవ్వింది, కానీ సగంలో ఆపేసింది. కారులోకి పిలిచింది ఒక్క ప్రశ్న కోసం కాదు. రెండోది మొదటిదానికన్నా బరువైనది. అది ఇన్నాళ్లూ గొంతులోనే ఉండిపోయింది.

"మరి ఆ సోఫా సంగతేమిటి?"

"సోఫాకేం?"

"అత్తయ్యతో గురకని చెప్పారు. నాతో నీకు నిద్ర కావాలన్నారు. నేను హాయిగా నిద్రపోతున్నానని ఎవరు చెప్పారు మీకు? పక్కన మనిషి లేక దిండును కరుచుకుని పడుకుంటున్నాను. ఇక నేనంటే... చూడ్డానికి జంకుతున్నారేమో అనుకున్నాను. అనుకోనా? మీరే చెప్పండి."

ఆయన గిర్రున ఇటు తిరగబోయాడు. బెల్టు లాగి పట్టుకుంది. తిరగలేక, విప్పుకోవడం చేతగాక, అలా సగం వంకరగా ఉండిపోయి అన్నాడు:

"ఆసుపత్రి నుంచి వచ్చిన కొత్తల్లో ఒక రాత్రి నిద్రలో నా మోచెయ్యి నీ కుట్ల మీద తగిలింది. నువ్వు కెవ్వుమన్నావు. ఆ కేక ఇంకా నా చెవుల్లోనే ఉంది. అందుకని ఇవతలికి వచ్చేశాను. కుట్లు మానాక వద్దామనుకున్నాను. మానేసరికి నువ్వు బట్టలు మార్చుకోవడానికి గడియ పెట్టుకుంటున్నావు. ఇన్నేళ్లలో మన మధ్య గడియ ఎప్పుడుందని? నేను చూడ్డం నీకిష్టం లేదనుకున్నాను. పిలుస్తావేమోనని చూస్తూ ఉన్నాను."

"నేనేమో మీరొస్తారేమోనని చూస్తూ ఉన్నాను."

ఇద్దరూ షెడ్డు గోడ వంక చూశారు. గోడకు చెప్పుకోవడానికి ఏమీ లేదు.

"మన తెలివి తెల్లారినట్టే ఉంది" అంది బ్రేకమ్మ చివరికి. "ఉండండి. ముందు చుట్టాన్ని పంపించేస్తాను."

ఆయనకు అర్థమయ్యేలోపు మెడ దగ్గరనుంచి చెయ్యి లోపలికి పోనిచ్చి, ఆ మెత్తటి ముద్దను బయటికి లాగి, డాష్‌బోర్డు మీద పెట్టింది. ఆయన చెయ్యి పట్టుకుని బట్ట మీంచే ఆ చదునైన చోట ఆనించుకుంది. ఆయన వేళ్లు అంటీ అంటనట్టు ఆగాయి.

"గట్టిగా పెట్టండి. ఏం కాదు. ఇక్కడ మొద్దుబారింది, నొక్కినా తెలీదు. ఇదిగో, ఇది గీత. ఇక్కడ దారం ముడిలా ఉంటుంది, తెలుస్తోందా? ఆఁ, అక్కడొద్దు, అక్కడొద్దు..." అంటూనే ఆమె కిలకిలా నవ్వి మెలికలు తిరిగింది. "అక్కడ చక్కిలిగిలి! డాక్టరమ్మే ఆశ్చర్యపోయింది. ఒక పక్క స్పర్శే లేదు, ఇంకో పక్క ముట్టుకుంటే చాలు నవ్వు."

ఆయన నవ్వలేదు. అరచెయ్యి తియ్యలేదు కూడా. కళ్లద్దాలు మసకబారితే ఇంకో చేత్తో తీసి, తుడుచుకోకుండానే మళ్లీ పెట్టుకున్నాడు.

"జుట్టు బాగుందోయ్," అన్నాడు. "మొదటిరోజే చెబుదామనుకున్నాను. పాత జుట్టు పోయినందుకు నువ్వు బాధపడుతుంటే కొత్తది బాగుందనడం తప్పేమోనని..."

"మీరిక అనుకోవడం మానెయ్యండి. ఏదైనా సరే పైకి అనండి, చాలు."

టకటకమని అద్దం మీద చప్పుడైంది. అత్తగారు! రెండు కప్పుల టీ ట్రేలో పెట్టుకుని, కళ్లు చికిలించి లోపలికి చూస్తోంది.

"బండి కదలదా? చెడిపోయిందా?" తరవాత ఆవిడ చూపు డాష్‌బోర్డు మీద పడింది. "అదేమిటే? కొత్త రకం హారనా?"

లోపలున్న ఇద్దరూ పొట్టలు పట్టుకున్నారు. ఆవిడకు ఏమీ అర్థం కాకపోయినా ఇద్దరూ కలిసి నవ్వుతున్నారని మాత్రం చక్కగా తెలిసింది. "ఓహో, చెప్పేశాడా!" అంది తృప్తిగా. "ఒక వెధవ రహస్యం! దాచలేక చచ్చాను. ఇక ఇవాళ్టినుంచి నాకు అన్నీ వినపడతాయి." టీ కప్పులు కిటికీలోంచి అందించి వెళ్లిపోయింది.

టీ తాగేశాక బ్రేకమ్మ తాళంచెవి తీసి తిప్పే చోట పెట్టింది. "తియ్యండి బయటికి. వెనక్కి తీయడంలోనే కదా తప్పింది? చూద్దాం."

"ఇప్పుడా? నీ ముందా?"

"అరవను. ఒట్టు."

ఆ ఒట్టు గేటు దాకా నిలిచింది. ఆయన ఊపిరి బిగబట్టి, అద్దాలు మూడూ చూసుకుంటూ, కారును షెడ్డులోంచి జాగ్రత్తగానే వెనక్కి జరిపాడు. గేటు దాటేచోట పక్కింటివాళ్ల పూలకుండీ ఒకటి అద్దంలో చిన్నదిగా కనిపించింది. చిన్నదిగా ఉందిగదా అని ఆయన దాన్ని పట్టించుకోలేదు.

"బ్రేక్!"

ఎన్ని నెలలైందో ఆ కేక ఆ వీధిలో వినపడి! కారు ఆగింది. ఇస్త్రీ షాపులో పెట్టె ఆగింది. సైకిలు మీద పాలు తెస్తున్నతను ఒక కాలు నేల మీద పెట్టి ఆగాడు. ఎదురింటి డాబా మీద బట్టలారేస్తున్న టీచరమ్మ తొంగిచూసింది. డాష్‌బోర్డు మీంచి చుట్టం జారి, ఒక గెంతు గెంతి, ఆయన ఒళ్లో పడింది. ఆయన దాన్ని రెండు చేతులా పట్టుకుని, ఏం చెయ్యాలో తెలియక, అలాగే పైకెత్తి పట్టుకున్నాడు.

తరవాత డాబా మీది టీచరమ్మ గొంతెత్తింది. "బ్రేకమ్మ లేచిందర్రోయ్!"

ఇస్త్రీ షాపాయన చప్పట్లు కొట్టాడు. బ్రేకమ్మ కిటికీలోంచి ఉంగరాల తల బయటపెట్టి, "లేచాను. ఇక ఎవరి పూలకుండీలు వాళ్లు లోపల పెట్టుకోండి" అంది. ఆ రోజు ఆ కారు వీధి చుట్టూ తిరిగి తిరిగి, ఆగి ఆగి, ఇంజను చచ్చి చచ్చి బతికి ఇల్లు చేరింది. ఆ సాయంత్రం ముందుగదిలో సోఫా మీది దుప్పటిని అత్తగారు తీసుకెళ్లి బీరువాలో పెట్టేసింది. ఎవరినీ అడగలేదు.

కథ ఇక్కడితో సుఖంగా ఆగొచ్చు. కానీ ఆదివారం పొద్దున గేటు ముందు గులాబీరంగు కారు వచ్చి ఆగింది.

బ్రేకమ్మ వరండాలోనే ఎదురొచ్చింది. "రావమ్మా, రా. మా ఆయనకు స్టీరింగు మీద చెయ్యి మీద చెయ్యి వేసి తిప్పడం నేర్పింది నువ్వేనా? పిండి పిసుకుతున్నట్టు తిప్పుతున్నారు!"

"అక్కా, అది నేను నేర్పలేదు. ఆయన పుట్టుకతో తెచ్చుకున్నది," అంది అమ్మాయి. నవ్వింది గానీ నవ్వు కళ్లదాకా రాలేదు. ఊరంతా చెప్పుకునేంత చలాకీ పిల్ల, ఇవాళ దుపట్టా రెండు చేతులా ఛాతీ మీద లాగి పట్టుకుని నిలబడింది.

ఆయన లోపల్నుంచి "ఎవరోయ్?" అంటూ వస్తున్నాడు. అమ్మాయి గబగబా దగ్గరికి జరిగింది.

"అక్కా, సార్‌ను పిలవకండి. మీతోనే పని. నాకు... నాకిక్కడ గట్టిగా ఏదో తగులుతోంది. చంక పక్కన. ఎవరికీ చెప్పలేదు."

బ్రేకమ్మకు ఒక్కసారిగా తన మొదటిరోజు గుర్తొచ్చింది. స్నానం చేస్తూ చెయ్యి ఆగిపోయిన ఆ చోటు. ఎదురుగా ఉన్న పిల్ల చెయ్యి పట్టుకుని వరండా మూలకు తీసుకెళ్లింది.

"నొప్పుందా?"

"లేదు."

"సరే విను. చాలా గడ్డలు ఉత్తవేనట, మా డాక్టరమ్మే చెప్పింది. ఏదన్నదీ చూస్తేనే గదా తెలిసేది? ఆదివారం పొద్దున వార్డుకొస్తుంది ఆవిడ. నడు."

"ఇప్పుడేనా? అక్కా, నాకు చేతులు వణుకుతున్నాయి. నడపలేను."

"నిన్నెవరు నడపమన్నారు?"

ఈ మాట ఆయన చెవిన పడింది. సంగతేమిటో తెలియదు గానీ, నడపాల్సిన పనొకటి ఉందని మాత్రం అర్థమై ఛాతీ విరుచుకుని ముందుకొచ్చాడు. "నేనున్నానోయ్!"

"మీరు పాసయ్యాక," అంది బ్రేకమ్మ. తాళంచెవి తన చేతిలోకి తీసుకుంది.

ఆమె ఆ రోజు పక్క సీటు వైపు పోలేదు. వాపు రాకుండా ఆసుపత్రిలో ఇచ్చిన చేతి తొడుగును మోచేతి పైదాకా లాక్కుని, స్టీరింగు ముందు కూర్చుంది. సీటు జరుపుకుంది, అద్దం సర్దుకుంది. గేరు వేస్తుంటే చంకలో ఆ తాడు లాగింది. లాగింది గానీ తెగలేదు. తెల్లకారు గేటు దాటి, పూలకుండీని తప్పించుకుని, ఒక్క కుదుపు లేకుండా వీధిలోకి మళ్లింది. నెలల తరవాత చక్రాల కింద రోడ్డు జారిపోతుంటే, ఇంత దిగులులోనూ, ఆమెకు పాట పాడాలన్నంత హాయిగా అనిపించింది. ఆ హాయికి సిగ్గుపడి పక్కకు చూసింది. అమ్మాయి రెండు కాళ్లూ ఆ సీటు కింది బ్రేకు మీద ఆనించి కూర్చుంది.

"అక్కడనుంచి కాళ్లు తియ్యి తల్లీ. నువ్వు తొక్కితే నేను కదల్లేను."

అమ్మాయి కాళ్లు వెనక్కి లాక్కుంది. కాసేపటికి మెల్లగా అంది. "అక్కా, ఇది మొన్నో నిన్నో చూసుకున్నది కాదు. పోయిన ఏడాదే ఒక డాక్టరుకు చూపించాను. పరీక్షలకు రమ్మన్నారు."

"వెళ్లావా?"

"లేదు."

నాలుగు రోడ్ల కూడలిలో ఎర్రలైటు పడింది. బ్రేకమ్మ కారు ఆపి పూర్తిగా ఆమె వైపు తిరిగింది.

"అంత తెలివైన పిల్లవి! ఎందుకు వెళ్లలేదు? ఎవరు వద్దన్నారు? ఎవర్ని చూసి భయపడ్డావు?"

అమ్మాయి చూపు ముందున్న లైటు మీదే ఉంది.

"మిమ్మల్ని చూసి, అక్కా. అప్పుడు మీ తల మీద జుట్టు లేదు."

లైటు పచ్చగా మారింది. వెనకనుంచి ఒక హారను, ఆ వెనక ఇంకోటి మోగాయి. ఇరవయ్యేళ్లలో మొదటిసారి, పచ్చలైటు పడ్డా బ్రేకమ్మ గేరు వెయ్యలేదు.